ఏడు గుంతల ఇనుప పొంగనాల పెనం: చిన్నపిల్లలున్న ఇంట్లో వాడిన తర్వాత

ముందే చెప్పేస్తున్నా. ఏడాది దాటిన పిల్లల నుంచి ఆరేళ్ళ పిల్లల దాకా ఎవరైనా ఉండి, ఫ్రిజ్‌లో ఎప్పుడూ దోసె పిండి ఉండే ఇల్లయితే ఈ పెనం కొనుక్కోండి. పిండి రుబ్బే అలవాటు లేని ఇల్లయితే కాస్త ఆగండి. ఇంట్లో ఇండక్షన్ స్టవ్ తప్ప గ్యాస్ లేకపోతే అసలు కొనకండి. గుంతలు కిందికి పొడుచుకొని ఉంటాయి కాబట్టి ఇండక్షన్ మీద సరిగా ఆనదు.

నేను గద్వాల వైపు అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు హైదరాబాదులో కొడుకు దగ్గర ఉంటున్నాను. కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగాలకి పోతారు. నాలుగేళ్ళ మనవడి తిండి, ఏడాదిన్నర మనవరాలి తిండి నా చేతిలో ఉన్నాయి. పిల్లలకి తినిపించడం గురించి నాకు సెంటర్లో అర్థమైంది ఒకటుంది. పళ్ళెంలో పెట్టిన ఉప్మా సగం మిగులుతుంది, చేతికిచ్చిన ఉడకబెట్టిన గుడ్డు మాత్రం మిగలదు. తమ చేత్తో పట్టుకొని, తమకి తోచినట్టు కొరుక్కు తినేది ఏదైనా సరే పిల్లలు తింటారు. మనం ముద్దలు కలిపి వెంటపడితే పరుగెత్తుతారు. ఈ పెనం నాకు నచ్చడానికి మొదటి కారణం ఇదే. ఇందులో ఏం పోసినా పిల్లల పిడికిట్లో పట్టే సైజులో బయటికొస్తుంది.

మా ఇంట్లో దీనికి ముందు నాన్‌స్టిక్‌ది ఒకటుండేది. పన్నెండు గుంతలు, గాజు మూత, చూడ్డానికి ముద్దుగా ఉండేది. కోడలు ఆన్‌లైన్లో తెప్పించింది. మొదట్లో నూనె లేకుండానే పొంగనాలు జారిపోయేవి. తర్వాత గుంతల అంచుల్లో పూత లేవడం మొదలైంది. దోసె పెనం బల్లపరుపుగా ఉంటుంది, దాని మీద చెక్క గరిటె చాలు. గుంతలో పొంగనాన్ని తిప్పాలంటే అంచులోకి ఏదో ఒకటి గుచ్చక తప్పదు, ఎంత జాగ్రత్తగా ఉన్నా ఆ గీతలు పడతాయి. పూత లేచిన గిన్నెలో పసిపిల్లలకి వండడం నాకు ఇష్టం లేదు. తీసి పక్కన పెట్టించాను.

ఇనుపది బేగంబజారులో కొన్నాం. ఆ సందుల్లో స్టీలు, ఇత్తడి, రాగి, ఇనుప సామాన్ల దుకాణాలు వరసగా ఉంటాయి, కాబట్టి మొదటి దుకాణంలోనే కొనేయకండి. ఏడు గుంతల పోత ఇనుము పెనం ఏడొందల చిల్లర చెప్పి ఆరొందలకి ఇచ్చాడు. బరువు రెండు కిలోలకి అటూ ఇటూ ఉంటుంది. తొమ్మిది గుంతలది, పన్నెండు గుంతలది కూడా చూపించాడు. మామూలు ఇంటి స్టవ్ మంట వాటి అంచు గుంతల దాకా పోదు. కొనేటప్పుడు రెండు మూడు చూడండి. పెనాన్ని చేత్తో ఎత్తి వేలితో కొట్టండి, ఖంగుమంటే మంచిది, మొద్దు శబ్దం వస్తే ఎక్కడో పగులుంటుంది. గుంతల లోపల వేలు తిప్పండి. పోతపోసినప్పటి ఇసుక గరుకు ఎక్కువగా ఉంటే పిండి అక్కడే పట్టుకుంటుంది. గుంతల లోతు ఒకేలా ఉందో లేదో కూడా చూడాలి. మాకు అతను మొదట ఇచ్చిన దానిలో ఒక గుంత మిగతావాటికన్నా లోతుగా ఉంది, మార్పించాం. అల్యూమినియంవి ఇంకా చవకగా, తేలిగ్గా ఉంటాయి. పలచగా ఉండడం వల్ల లోపల పచ్చిగా ఉండగానే పైన మాడిపోతాయి.

మూత రాలేదు. ఇంట్లో ఉన్న స్టీలు పళ్ళెం బోర్లిస్తున్నాను, సరిపోతుంది.

ఇప్పుడు అసలు కష్టం. కొత్త ఇనుప పెనం తెచ్చిన రోజే పొంగనాలు కావాలంటే కుదరదు. దుకాణంలో పూసిన నూనె, నల్ల మసి పోయేదాకా వేడినీళ్ళతో, సబ్బుతో ఒక్కసారి గట్టిగా తోమాలి. తర్వాత అన్నం వార్చిన గంజి గుంతల నిండా పోసి రాత్రంతా ఉంచాలి, పొద్దున పారబోసి మళ్ళీ కొత్త గంజి పోయాలి. రెండు మూడు రోజులు అలా చేసి, బాగా ఆరబెట్టి, నూనె పూసి సన్న మంట మీద పొగ వచ్చేదాకా కాల్చాలి. చివర్లో ఉల్లిగడ్డ ముక్కలు నూనెలో నల్లబడేదాకా గుంతల్లోనే వేయించి పారేయాలి. ఇంత చేసినా మొదటి వాయిలు అతుక్కుంటాయి. అవి గీకి పెద్దవాళ్ళం తిన్నాం. కోడలు "ఇంత చాకిరీ ఎందుకత్తమ్మా, ఇంకో నాన్‌స్టిక్ కొందాం" అంది కూడా. నెల తిరిగేసరికి గుంతలు నల్లగా, నున్నగా అయ్యాయి. ఇప్పుడు గుంతకి నాలుగు చుక్కల నూనె చాలు, చెంచా కాడతో అంచున తడితే చాలు తిరిగిపోతుంది.

మంట విషయంలో ఒక కిటుకు ఉంది. మధ్య గుంత అన్నిటికన్నా ముందు కాగుతుంది. కాబట్టి చుట్టూ ఉన్న ఆరు గుంతల్లో ముందు పోసి, మధ్యదాన్లో చివర పోయాలి, తీసేటప్పుడు మధ్యది ముందు తీయాలి. చిన్న బర్నర్ కన్నా పెద్ద బర్నర్ సన్న మంట మీద సమంగా కాలుతాయి. ముప్పావు గుంత దాకానే పోయండి, పొంగుతాయి.

పిండి కోసం వేరే తంటాలేమీ లేవు. మూడు గ్లాసుల బియ్యం, గ్లాసు మినప్పప్పు, చెంచా మెంతులు, గుప్పెడు అటుకులు. మొదటి రోజు దోసెలు, రెండో రోజు దోసెలు, పులుపెక్కాక మూడో రోజు పొంగనాలు. ఇరవై పొంగనాలకి బియ్యం, పప్పు, నూనె అన్నీ కలిపి లెక్కేస్తే పాతిక రూపాయలు దాటదు. పది రూపాయల చిప్స్ ప్యాకెట్లు రెండు కొని ఇంకాస్త వేస్తే అంతే. అదే పిండితో పునుగులు వేస్తే ఎంత నూనె తాగుతాయో అందరికీ తెలుసు.

పెద్దవాళ్ళకి పచ్చిమిర్చి, జీలకర్ర, ఉల్లిగడ్డ వేస్తాను. పిల్లలకి విడిగా ఒక గిన్నెలో పిండి తీసి క్యారెట్ తురుమో, సన్నగా తరిగిన పాలకూరో, మునగాకో కలుపుతాను. మునగాకు చేదని కొందరు వేయరు, లేతాకు దూసి నెయ్యిలో ఒక్క నిమిషం వేయిస్తే చేదు ఉండదు. మావాడు ఆకుకూర పప్పులో కనబడితే వేలితో ఏరి పక్కన పెడతాడు. పొంగనంలో మాత్రం ఏరడు, ఏరాలంటే పొంగనం అంతా విప్పాలి, అంత ఓపిక వాడికి లేదు.

పెసర పిండి ఇంకా సులువు. రాత్రి నానబెట్టిన పెసలు పొద్దున అల్లం ముక్కతో రుబ్బి అప్పుడే పోసేయొచ్చు, పులవాల్సిన పనిలేదు. కొంచెం బియ్యం కలపకపోతే గట్టిపడతాయి. పిండి ఏదీ లేని రోజు బొంబాయి రవ్వలో పెరుగు కలిపి ఇరవై నిమిషాలు ఉంచి పోస్తాను. సోడా వేయను. కొంచెం బిగుతుగా వస్తాయి, వేడిగా ఉన్నప్పుడే పెట్టేయాలి. రాత్రి మిగిలిన అన్నం మెత్తగా పిసికి, శనగపిండి, పెరుగు, కొత్తిమీర కలిపి పోసినా వస్తాయి. బయట కరకర, లోపల మెత్తన. ఇది మా ఇంట్లో అందరికన్నా నా కొడుకు ఎక్కువ తింటాడు.

గుడ్డు చెప్పాలి. రెండు గుడ్లు గిలక్కొట్టి, ఉల్లిగడ్డ, టమాటా సన్నగా తరిగి కలిపితే అయిదారు గుంతలకి వస్తాయి. మావాడికి అవి 'బుజ్జి ఆమ్లెట్లు'. ప్లేట్లో మామూలు ఆమ్లెట్ పెడితే సగం వదిలేసేవాడు అయిదు బుజ్జి ఆమ్లెట్లు లెక్కపెట్టుకుంటూ తింటాడు. పెనం బాగా నున్నబడక ముందు మాత్రం గుడ్డు జోలికి పోవద్దు. ఒక్కసారి అతుక్కుందంటే గీకే పని గంట పడుతుంది.

రాగి పిండి పొంగనాలు నేను చాలా రకాలుగా చేసి చూశాను. ఒట్టి రాగి పిండితో చేస్తే పగిలిపోతాయి, గొంతులో పట్టుకుంటాయి. ఒక కప్పు రాగి పిండికి పావు కప్పు గోధుమ పిండి, బాగా మగ్గిన అరటిపండు ఒకటి, సరిపడా పాలు కలిపితే మెత్తగా వస్తాయి. లేదా రాత్రే రాగి పిండిని దోసె పిండిలో సగానికి సగం కలిపి ఉంచేయండి, పొద్దునకి పొంగుతుంది. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2017లో వేసిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో పది కూడా ఉండదు. పాలు తాగనని మొండికేసే పిల్లలకి ఇది పనికొచ్చే లెక్క. మనవడి వాయిలో బెల్లం కలుపుతాను. మనవరాలికి అరటిపండు తీపే చాలు. రెండేళ్ళ లోపు పిల్లల తిండిలో చక్కెర కలపొద్దని పిల్లల డాక్టర్లు చెప్తున్నారు, బెల్లం కూడా చక్కెర కిందికే వస్తుంది. బెల్లం కలిపినప్పుడు ఇంకో తంటా ఏమంటే, గుంత అడుగున పాకంలా మాడి పట్టుకుంటుంది. నూనె బదులు నెయ్యి, బాగా సన్న మంట, అదీ చివరి వాయిగా పెట్టుకోవాలి.

బాలామృతం సంగతి కూడా రాయాలి, ఎందుకంటే చాలా ఇళ్ళలో ఆ ప్యాకెట్లు అటక మీద ఉంటాయని నాకు తెలుసు. ఏడు నెలల నుంచి మూడేళ్ళ దాకా పిల్లలకి నెలకి రెండున్నర కిలోల ప్యాకెట్ అంగన్‌వాడీలో ఇస్తారు. నాచారం ఫ్యాక్టరీలో తయారవుతుంది. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి అందులో. వేడినీళ్ళలో కలిపి జావలా పెట్టమని మేమే చెప్పేవాళ్ళం. వారం పెట్టేసరికి పిల్లలకి మొహం మొత్తుతుంది, తల్లులు "టీచరమ్మా, తింటలేడు" అని వచ్చేవాళ్ళు. కొన్ని ఊళ్ళలో అది బర్రెల కుడితిలోకి పోయేది, దాపరికం ఎందుకు. ఆ పొడి రెండు చేతుల నిండా తీసుకొని, ఒక గుడ్డు, కాసిన్ని పాలు కలిపి ఈ పెనంలో పోస్తే చిన్న కేకుల్లా వస్తాయి. తీపి వేరే వేయొద్దు, అందులో ఉన్నదే ఎక్కువ. పాలపొడి, చక్కెర ఉండడం వల్ల చూస్తుండగానే రంగు తిరుగుతుంది, కాబట్టి స్టవ్ దగ్గర నుంచి కదలొద్దు. సెంటర్లో ఉన్న రోజుల్లో నా దగ్గర ఇలాంటి పెనం ఒకటి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

ఇనుప పాత్రలో వండితే తిండిలోకి ఇనుము దిగుతుందన్నది నిజమే. పులిసిన పిండి, పెరుగు, టమాటా లాంటి పుల్లటివి వండితే ఇంకొంచెం ఎక్కువ దిగుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉందని తేలింది. కాబట్టి ఆ కొంచెం కూడా లాభమే. అయితే పెనం కొన్నాం కదా అని ఐరన్ సిరప్ మానేయకండి. ఆశా వర్కర్ ఇచ్చే సీసా, వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు, అది వేయాల్సిందే. దాని పని పెనం చేయలేదు. ఇంకోటి, పొంగనాలు పక్కన పెట్టి పిల్లలకి చాయ్ పోసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. తిండిలో ఉన్న ఇనుమును ఒంటికి పట్టనివ్వకుండా అడ్డుపడేది ఆ చాయే. చాయ్ బదులు టమాటా చట్నీయో, నాలుగు జామకాయ ముక్కలో పెట్టండి.

చిన్నపిల్లలకి పెట్టేటప్పుడు జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ఏడాది లోపు పిల్లకి పొంగనం చేతికివ్వొద్దు. పైన కరకరలాడే పొర తీసేసి, లోపలి మెత్తటిది పప్పు కట్టుతోనో నెయ్యితోనో మెదిపి పెట్టొచ్చు, వాళ్ళ పిండిలో ఉప్పు వేయకపోవడమే మేలు. మా పాపకి ఇప్పటికీ ఒక్కో పొంగనం నాలుగు ముక్కలు చేసి ఇస్తాను, గుండ్రంగా ఉన్నది మొత్తం నోట్లో కుక్కుకుంటే ప్రమాదం. పల్లీలు పొడి చేసి మాత్రమే కలపాలి, పలుకులు ఉండకూడదు. తేనె ముంచి పెట్టడం కొందరికి అలవాటు. ఏడాది నిండని పిల్లలకి తేనె అసలు వద్దు.

మావాళ్ళకి చట్నీ అంటే పుట్నాల పప్పు, కాస్త కొబ్బరి, ఉప్పు వేసి పలచగా తిప్పిన తెల్ల చట్నీ. కారం లేదు. తొందరగా ఉన్న రోజు గడ్డ పెరుగే చట్నీ.

స్కూలు డబ్బా సంగతి కోడలు రాయమంది. దోసె డబ్బాలో పెడితే పది గంటలకల్లా తోలులా సాగుతుంది, పూరీ కూడా అంతే. పొంగనం చల్లారినా మెత్తగానే ఉంటుంది. వేడి మీద డబ్బా మూసేస్తే ఆవిరి పట్టి తడితడిగా అవుతాయి, పళ్ళెంలో అయిదు నిమిషాలు ఆరనిచ్చి సర్దాలి. మావాడి చిన్న డబ్బాలో ఆరు పడతాయి. సాయంత్రం ఖాళీ డబ్బా వస్తుంది. వాడే తింటున్నాడా, పక్క పిల్లలకి పంచుతున్నాడా అని అడిగితే "ఆద్యకి రెండు, నాకు ఫోరు నానమ్మా" అన్నాడు. మర్నాటి నుంచి రెండు ఎక్కువ పెట్టడానికి డబ్బాలో చోటు లేక పెద్ద డబ్బా కొన్నాం.

ఇక లోపాలు. ఒక వాయికి ఏడే వస్తాయి, వాయికి అయిదారు నిమిషాలు పడుతుంది. ఇద్దరు పిల్లలకైతే సుఖం. ఇంటిల్లిపాదికీ పొద్దున టిఫిన్ ఇదే అంటే స్టవ్ ముందు ముప్పావు గంట నిలబడాలి. నా మోకాళ్ళకి అది కుదరదు, కాబట్టి పెద్దవాళ్ళకి అదే పిండితో దోసెలు వేసేస్తాను. బరువు రెండో లోపం. కోడలికి ఒంటిచేత్తో ఎత్తడం కష్టంగా ఉంది. కడిగాక వెంటనే తుడిచి, ఒక్క నిమిషం స్టవ్ మీద ఆరబెట్టి, నూనె చెయ్యి రాయకపోతే తెల్లారేసరికి తుప్పు చుక్కలు కనబడతాయి. వానాకాలంలో మరీను. ఒకసారి పనమ్మాయి మంచి మనసుతోనే స్టీలు పీచు పెట్టి తళతళలాడేలా తోమింది. గంజితో మొదలుపెట్టి మళ్ళీ అన్నీ చేసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ పెనాన్ని సింకులో వేయను, నేనే వేడినీళ్ళు పోసి గుడ్డతో తుడుచుకుంటాను.

అన్నిటికన్నా పెద్ద లోపం చెవులు. రెండు పక్కలా ఉన్న ఇనుప చెవులు పెనంతో పాటే కాలిపోతాయి, దించాక కూడా చాలాసేపు వేడి పోదు. పిల్లలు తిరిగే వంటింట్లో ఇది చిన్న విషయం కాదు. దించిన పెనాన్ని గట్టు అంచున పెట్టొద్దు, గోడ వైపు లోపలికి తోసి, పైన మందపాటి గుడ్డ వేసి పెట్టండి. పొడుగు చెక్క పిడి ఉన్న రకం కూడా బజార్లో ఉంది, చెయ్యి కాలదు. కానీ ఇంత బరువుకి ఆ పిడి మర వదులై తిరుగుతుందని మా పక్కింటావిడ చెప్పింది, ఆమె దాన్ని నెలకోసారి బిగించుకుంటోంది. పైగా పొడుగు పిడి స్టవ్ బయటికి వస్తుంది, నాలుగేళ్ళ పిల్లాడి చేతికి సరిగ్గా అందే ఎత్తులో. అందుకే చెవులదే తీసుకొని, రెండు మందపాటి పట్టుకునే గుడ్డలు కూడా అక్కడే కొనుక్కోండి. బేగంబజారులో జత ముప్పై రూపాయలకి ఇచ్చారు.